అంగడి నాడు ఒక్క గోలీ

హైదరాబాదు,
జులై 9.

అంబదాస్ కాకకు తిరుమల దండాలు.

"చేరంగనే ఉత్తరం రాయకుంటే నీ తెల్లకోటు ఇంకొకరికి ఇచ్చేస్త" అని ఖేడ్ బస్టాండులో అందరికీ వినబడేలా అరిచావు. చేరి మూడు రోజులైంది. కోటు జోలికి పోకు, రాస్తున్నాను. నీకు చెవులు పూర్తిగా పోయినప్పటి నుంచి ఫోనులో నీతో దెబ్బలాడే సుఖం లేకుండా పోయింది. కాగితం మీదైతే నువ్వు నడుమ అందుకోలేవు, నా మాట చివరిదాకా చదవాల్సిందే.

హాస్టల్లో గదికి ఆరుగురం. పొద్దున ఎనిమిదికి కోచింగ్. పరీక్ష అక్టోబరు మొదటి వారంలో. మూడు పేపర్లు, మూడింటిలోనూ ఒకేసారి సగం మార్కులు రావాలి. ఒక్కదాంట్లో తప్పినా మళ్ళీ మూడూ రాసుకోవాలి. చేతిలో డిప్లొమా ఉండీ ఈ పరీక్ష గట్టెక్కకపోతే నేను ఫార్మసిస్టును కాను. డిసెంబరులో మన షాపు ఫార్మసిస్టు థామస్ సారు మానేసి వెళ్ళిపోతే, గోడ మీద ఆయన సర్టిఫికెట్టు ఉన్న చోట నాది లేకపోతే, ముప్పై ఏళ్ళ నీ మెడికల్ షాపు మూతబడుతుంది. ఇదంతా నీకు తెలుసు. భయమేసినప్పుడు రాసుకుంటే కొంచెం తగ్గుతుందని రాశాను.

బస్సులో మీ అక్క కాశమ్మత్త నా పక్కనే కూర్చుంది. ధర్మేందర్ మేస్త్రీ పనికి పట్నం వచ్చినప్పటి నుంచి కొడుకునీ కోడలినీ చూడాలని కొట్టుకుపోతోంది కదా, సంగారెడ్డి దాటేదాకా నోరు మూయలేదు. సిర్గాపూర్ నుంచి మూటగట్టి తెచ్చిన కుడుములన్నీ నాతోనే తినిపించింది. నువ్వు కట్టిచ్చిన కీళ్ళనొప్పుల గోలీలు, ఆ పసుపుపచ్చవి, రెండు పట్టీలూ సంచిలోంచి తీయించి చూశాను. "ఎప్పుడేసుకోవాలె అత్తా?" అంటే, "అంగడి నాడు ఒక్కటి. గదొక్కటి నాకు మర్వదు పోరీ" అని నా బుగ్గ గిల్లింది. అయిదు నెలల నుంచి ఏ వారం సంతకూ గోలీ తప్పలేదట.

ఇక్కడ అన్నం మెత్తగా ఉంటుంది. పచ్చిపులుసు మీద మనసు పోతోంది.

నీ
తిరుమల


నారాయణఖేడ్,
జులై 17.

చిరంజీవి తిరుమలకు అంబదాస్ కాక దీవెనలు.

ఉత్తరం అందింది. తిండి గురించి మూడు వాక్యాలు, రెండో పేపరు గురించి ఒక్కటీ లేదు. లెక్క సరిచేసుకో.

నువ్వు పోయినప్పటి నుంచి కౌంటరు దగ్గర నన్ను పట్టించుకునేవాళ్ళు లేరు. బాను బీ నిన్న వచ్చి నేనిచ్చిన బీపీ గోలీలు తీసుకోకుండా చాలాసేపు నిలబడింది. ఏమందో నాకు వినబడలేదు. థామస్ సారు కాగితం మీద రాసి చూపించాడు. "గా పోరి వచ్చినంక తీస్కుంట. గామె చెప్తే సమజైతది" అన్నదట. నేను ఇరవై ఏళ్ళుగా ఆమెకు మందులిస్తున్నాను. నవ్వూ వచ్చింది, కొంచెం రోషమూ వచ్చింది.

ఆమె అన్నది నిజమే. చదువు రానివాళ్ళకు పొట్లం మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసివ్వడం నేను మొదలుపెట్టిన పద్ధతి. వారానికి ఒక్కటే వేసుకోవాల్సిన గోలీ దగ్గర నా బొమ్మలు పనికిరాలేదు. మా అక్కకు సోమవారం మంగళవారం గుర్తుండవు. మొదటి నెలలో ఒక వారం మరిచింది, ఇంకో వారం రెండుసార్లు వేసుకుంది. అప్పుడు నువ్వే కదా, "అత్తా, అంగడికి పోయి వచ్చినంక ఏసుకో" అన్నావు. ఊళ్ళో వారానికి ఒక్కటే అంగడి, దాన్ని ఎవరూ మరిచిపోరు. ఇన్నేళ్ళలో నాకు తట్టని ఉపాయం. ఆ మాట నీ ముఖం మీద అంటే నెత్తికెక్కుతావని అప్పుడు అనలేదు.

మా నాయన పోయినప్పుడు అక్కకు పదిహేడేళ్ళు, నాకు ఎనిమిది. కూలికి పోయి నన్ను పదో తరగతిదాకా చదివించింది. నేను ఈ షాపు తెరిచిన నాడు లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి ఏడ్చింది. ఆమెను నీ చేతిలో పెట్టి పంపినట్టే. ఆదివారం వీలు చూసుకుని ఒకసారి చూసిరా.

రెండో పేపరు అశ్రద్ధ చేయకు.

అంబదాస్


హైదరాబాదు,
ఆగస్టు 14.

కాకకు దండాలు.

మొన్నటి నమూనా పరీక్షలో మొదటి పేపరు, మూడో పేపరు గట్టెక్కాయి. రెండోది పోయింది. తిట్టు, పడతాను. పక్క మంచం ఫర్హత్ నాకు పాఠం చెబుతోంది. జహీరాబాద్ అమ్మాయి, ఎంత గట్టిగా చదువుతుందంటే నీకు కూడా వినబడుతుంది.

నిన్న కాశమ్మత్తను కలిశాను. ఇంటికి వెళ్తే ఇంట్లో లేదు. ఎక్కడుందో చెబితే నమ్మవు. మీ అక్క బేరం చేస్తోంది! కోడలు మల్లీశ్వరి నిమ్మకాయలు, కొత్తిమీర అమ్ముతుంది కదా, ఇంట్లో ఊరికే కూర్చోలేక పది రోజులుగా ఆమె వెంట వెళ్తోందట. ఇక్కడ ఒక్కో బస్తీలో ఒక్కో రోజు అంగడి. ఇవాళ ఈ గల్లీలో అయితే రేపు ఆ గల్లీలో. వీళ్ళు బుట్ట ఎత్తుకుని అన్నిటికీ తిరుగుతారు. "ఊర్ల వారానికొక్క అంగడి, ఈడ దినాం అంగడే పోరీ! పట్నం మంచిగనే ఉన్నది" అంటూ నాకు ఒక కట్ట కొత్తిమీర చేతిలో కుక్కింది. హాస్టల్లో దాన్ని ఏం చేసుకోవాలో తెలియక వంటామెకు ఇచ్చాను.

మనిషి కొంచెం చిక్కింది. నోట్లో పుండ్లు లేచి కారం ముట్టడం లేదట, నాలుక చూపించింది, ఎర్రగా ఉంది. ఎండన పడి తిరిగితే వేడి చెయ్యదా మరి. బి కాంప్లెక్సు గోలీలు, నోట్లో రాసుకునే మందు కొనిచ్చాను. "నువ్వు డాక్టరువైనట్టే" అంది. కాదత్తా, ఫార్మసిస్టును అంటే, ఆ పేరు నోరు తిరగక అయిదారుసార్లు అని చూసి వదిలేసింది. మేమిద్దరం పడీపడీ నవ్వాం.

పరీక్ష పాసయ్యేదాకా బోరంచ నల్లపోచమ్మకు మంగళవారాలు ఉపవాసమని అమ్మ మొక్కిందట. పాసవ్వాల్సింది నేనైతే ఆకలితో మాడేది అమ్మ. ఆమెకు నువ్వైనా చెప్పు.

నీ
తిరుమల


నారాయణఖేడ్,
సెప్టెంబరు 9.

తిరుమలకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. మోకాలి నొప్పి వల్ల షాపు పదకొండు రోజులు మూశాను. ఇప్పుడు తెరిచాను.

నువ్వు చదువు తప్ప ఏదీ తలపెట్టకు. దసరాకు రావద్దు. ఎవరు రమ్మన్నా రావద్దు. పరీక్ష అయ్యేదాకా ఖేడ్ మొహం చూడొద్దు. రెండో పేపరు చదువు.

అంబదాస్


హైదరాబాదు,
సెప్టెంబరు 18.

కాకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దీవెనలు కూడా లేవు. చేతిరాత పక్కకు పడిపోయి ఉంది. మోకాలి నొప్పికి నువ్వు ఏనాడు షాపు మూశావు? జ్వరంతో వణుకుతూ దుప్పటి కప్పుకుని కౌంటరులో కూర్చున్న మనిషివి.

నిన్న క్లాసులో మెథోట్రెక్సేట్ పాఠం అయింది. మనం కాశమ్మత్తకు ఇచ్చిన గోలీయే. ఆ పేరు మీద ఎన్ని పట్టీలు కత్తిరించి ఇచ్చానో, దాని పాఠం ఇంత వివరంగా ఎన్నడూ వినలేదు. వారానికి ఒకసారి అయితే మందు, రోజూ వేసుకుంటే విషం అన్నాడు సారు. మొదట నోట్లో పుండ్లు లేస్తాయట. తర్వాత రక్తం తగ్గిపోతుందట. నా చేతిలో పెన్ను అక్కడే ఆగిపోయింది. నోట్లో పుండ్లు. దినాం అంగడే పోరీ. నేను నవ్వాను కాకా. బి కాంప్లెక్సు కొనిచ్చి, నవ్వి వచ్చాను.

క్లాసు మధ్యలో లేచి వెళ్ళాను. ఇంటికి తాళం ఉంది. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళు, ఊరికి పోయారు అన్నారే కానీ ఇంకేమీ చెప్పలేదు. ధర్మేందర్ ఫోను ఎత్తడం లేదు. అమ్మను అడిగితే "కాకనే అడుగు బిడ్డా" అని ఫోను పెట్టేసింది.

నిన్నే అడుగుతున్నాను. అత్త ఎక్కడుంది? గోలీ రోజూ వేసుకుందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు ఏది రాస్తే అదే నమ్ముతాను. జవాబు వచ్చేదాకా పుస్తకం తెరవలేను.

తిరుమల


నారాయణఖేడ్,
సెప్టెంబరు 22.

చిరంజీవి తిరుమలకు అంబదాస్ కాక దీవెనలు.

పిచ్చిదానా. ఇంత చదివి ఇంత పిరికిదానివేంది?

అక్క సిర్గాపూర్‌లో ఉంది. పట్నంలో నీళ్ళు పడక నెల కింద ధర్మేందర్ తీసుకొచ్చాడు. గోలీ వారానికి ఒక్కటే వేసుకుంటోంది. నేను స్వయంగా అడిగాను, పట్టీ తీసి చూశాను. నోటి పుండ్లు నువ్విచ్చిన మందుకే మానాయి. నిన్న జొన్నరొట్టె, పుంటికూర తిన్నది. కారం చాలలేదని మల్లీశ్వరిని కోప్పడింది. ధర్మేందర్ ఫోను నీళ్ళలో పడి పాడైంది. మీ అమ్మకు నేనే చెప్పాను, పరీక్ష ముందు నీతో ఎక్కువ మాట్లాడొద్దని.

ఇక పుస్తకం తెరువు. థామస్ సారు తన పేరుపలక తీసేసే చోట నీ పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాయించాలా అని నేను కొలతలు చూస్తున్నాను.

నీ కాక
అంబదాస్


హైదరాబాదు,
నవంబరు 12.

కాకా, కాకా, కాకా!

పాసయ్యాను! మూడు పేపర్లూ! ఫర్హత్ కూడా! హాస్టల్ మెట్ల మీద ఇద్దరం కూర్చుని ఎంత ఏడ్చామంటే వార్డెను ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చింది.

నీ ఉత్తరం ఆ రోజు రాకపోతే నేను పరీక్షకే వెళ్ళేదాన్ని కాదు. జొన్నరొట్టె, పుంటికూర అన్న దగ్గర ప్రాణం లేచివచ్చింది. ఆ కాగితం మడతపెట్టి పరీక్ష మూడు రోజులూ సంచిలో పెట్టుకున్నాను. ఇంకొకటి విను. ఆ గోలీ మీద ప్రశ్న వచ్చింది! ఎన్ని రోజులకొకసారి ఇవ్వాలని. కంప్యూటరు తెర మీద చూడగానే నవ్వొచ్చింది. ఇది మా అత్త గోలీ కదా అనుకుని, వారానికి ఒకసారి అన్నదాని మీద నొక్కాను.

తప్పితే మళ్ళీ రాయాల్సి వస్తుందని ఫలితాలదాకా ఇక్కడే చదువుతూ ఉండిపోయాను. ఇప్పుడు ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదుకు కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. అవి ఇచ్చేసి వచ్చే వారం బయలుదేరతాను. ముందు సిర్గాపూర్‌లో దిగి అత్త నోరు తీపి చేశాకే ఖేడ్ వస్తాను. అలిగావా? అలుగు.

నీ
తిరుమల, ఫార్మసిస్టు


నారాయణఖేడ్,
నవంబరు 17.

తిరుమలకు,

పాసయ్యావు. సంతోషం. షాపులో కుర్చీ మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో థామస్ సారుకు తెలుసు, నీకు తెలియదు. ఇప్పుడు చెబుతాను. కూర్చుని చదువు.

అక్క లేదు. ఆగస్టు ఇరవై మూడున పోయింది. నేను జొన్నరొట్టె తిన్నదని రాసేటప్పటికి నెల రోజులు.

నువ్వు కలిసిన మూడో రోజుకు జ్వరం పట్టుకుంది. అన్నం మింగలేకపోయింది. ఒంటి మీద ఎర్రటి మచ్చలు లేచాయి. ధర్మేందర్ పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాడు. నేను వెళ్ళేసరికి ముక్కు నుంచి రక్తం కారుతోంది. నన్ను చూసి ఏదో అంది. నాకు వినబడలేదు బిడ్డా. ఏమందని ధర్మేందర్‌ను అడిగాను. వాడు చెప్పలేక గోడవైపు తిరిగాడు. ఇప్పటికీ చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు.

డాక్టరు ఆమె సంచిలో పట్టీలు చూసి, "రోజూ వేసిండ్రా?" అని అడిగాడట. ధర్మేందర్ అన్నాడట, "అంగడి నాడు ఏసుకోమన్నరు సారూ. అమ్మ దినాం అంగడికే పోతున్నది గదా." ఇరవైలో మిగిలినవి మూడు.

నీ మీద కోపం లేదని రాస్తే అది ఇంకో అబద్ధం. కోపం ఉంది. పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు వస్తుంది. మధ్యాహ్నానికి అది నా మీదికి తిరుగుతుంది. ఉపాయం నీది. మెచ్చుకున్నది నేను. నెలకోసారి రక్త పరీక్ష చేయించమన్న డాక్టరు మాట పక్కనపెట్టి, అక్కకు తిరుగుడు శ్రమ ఎందుకని అయిదు నెలల గోలీలు ఒక్కసారే కట్టిచ్చింది నేను. దినాం అంగడే అని నువ్వు రాసిన ఉత్తరం నా చేతికి వచ్చింది. చదివాను. మా అక్క బేరం చేస్తోందని నలుగురికి చూపించి మురిసిపోయాను. ఆ రోజు నేను బస్సెక్కి ఉంటే నాలుగు రోజులు ముందు చేరేవాణ్ణి.

మీ అమ్మతో, ధర్మేందర్‌తో నేనే ఒట్టు పెట్టించుకున్నాను, నీకు చెప్పొద్దని. చెబితే నువ్వు పరీక్ష రాయవు. షాపు కోసం అనుకుంటావేమో. షాపు మూసేసినా నాకు ఇప్పుడు పెద్ద బాధ లేదు. ఆమె పోయింది, నువ్వు కూడా చెడిపోతే నాకు మిగిలేదేముంది అనుకున్నాను.

నమోదు చేసుకుంటావో, ఆ కాగితాలు చింపేస్తావో నీ ఇష్టం. నేను ఏదీ చెప్పను. ఈ నెల ఇరవై మూడున సిర్గాపూర్‌లో మూడో మాసికం. రమ్మని పిలవడం లేదు. చెప్పకుండా ఉండటం మాత్రం ఇక నా వల్ల కాదు.

అంబదాస్


సిర్గాపూర్,
నవంబరు 24.

కాకకు,

నిన్న నేను వచ్చేసరికి నువ్వు మాసికం ముగించుకుని వెళ్ళిపోయావు. నన్ను చూడలేకనే జల్దీ పోయావని ధర్మేందర్ అన్నాడు. అందుకే మళ్ళీ ఉత్తరం. ఈ ఊళ్ళోనే కూర్చుని రాస్తున్నాను.

ధర్మేందర్‌కు ఎదురుగా కూర్చుని నా నోటితోనే చెప్పాను, అంగడి నాడు అన్న మాట నాదని, పుండ్లు చూసి కూడా తెలుసుకోలేకపోయానని. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొట్టలేదు, చెప్పాడు. "అమ్మ ఒక్కనాడు గూడ తప్పలే తిరుమలా. బువ్వ మింగుడు పడకున్నా గోలీ ఏసుకున్నది. వద్దంటే ఇనలే. పోరి చెప్పింది, మర్వొద్దు అనేటిది." కాకా, ఆమెకు నా మాట మీద అంత నమ్మకం లేకపోయి ఉంటే బతికేది. ఇది నేను ఎవరితో చెప్పుకోవాలి?

నువ్వు రాసిన అబద్ధం మీద నాకు కోపం ఉంది. నా మంచికే రాశావు, తెలుసు. కానీ అత్త పోయిన నెలన్నరకు, ఆమెను చంపిన గోలీ గురించి తెర మీద సరైన జవాబు నొక్కి నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు నా మీద నాకు అసహ్యం పుట్టిస్తోంది. అది నువ్వు నాకు చేసిపెట్టిందే. రాయకుండా ఉండలేకపోయాను.

నమోదు కాగితాలు నిన్న పొద్దున చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను, చింపలేక సంచిలో పెట్టుకుని ఇక్కడికి తెచ్చాను. అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోదామనుకుంటుంటే మల్లీశ్వరి వచ్చింది. ఆమె నాలుగేళ్ళ బిడ్డకు దగ్గు, జ్వరం. దవాఖానలో ఇచ్చిన పొడిమందు సీసా నా ముందు పెట్టి, "ఇదెట్ల తాపాలె తిరుమలా?" అని అడిగింది. వాళ్ళత్త ఫోటోకు వేసిన దండ ఇంకా వాడలేదు. నన్నే అడిగింది. నాకు తెలియదు, ఇంకెవరినైనా అడుగు అనబోయాను. ఆమె అక్కడే నిలబడింది. బిడ్డ దగ్గుతోంది.

అప్పుడు, ఏం చెప్పాలో చెప్పకుండా, అడగడం మొదలుపెట్టాను. ఇంట్లో ఏ చెంచా ఉంది, తీసుకురా. మూడు తెచ్చింది, మూడూ మూడు కొలతలు. మూడూ లోపల పెట్టించి సీసా మూతే కొలత అన్నాను. పొడిలో కలిపే నీళ్ళు ఎక్కడివి, కాచావా? రేపు ఎక్కడ ఉంటారు, ఎల్లుండి ఎక్కడ ఉంటారు? పట్నం పోయాక నువ్వు బుట్ట ఎత్తుకుని పోతే బిడ్డ దగ్గర ఎవరుంటారు? ఆ మాటకు మల్లీశ్వరి ఏడ్చింది. ఉండాల్సిన మనిషి లేదు కదా. పక్కింటామె ఉంటుందంది. ఆమెకు ఫోను చేయించి, ఆమెకూ చెప్పాను. ఆమెతో తిరిగి చెప్పించుకున్నాను, మల్లీశ్వరితో అయితే నోటితో అప్పజెప్పించుకుని ఊరుకోలేదు, మూతలో పోయించి చూశాను. ఒక్క సీసా మందు చెప్పడానికి గంట పట్టింది. గంట అడగాల్సిన మాటలు నేను ఖేడ్‌లో ఒక్క నిమిషంలో ముగించి, తెలివైనదాన్ననుకున్నాను.

కాగితాలు చింపలేదు. నమోదు చేసుకుంటాను. ధైర్యం వచ్చి కాదు. ఈ భయం చచ్చేదాకా పోదు, పోకూడదు కూడా.

రేపు పొద్దుటి బస్సుకు ఖేడ్ వస్తున్నాను. నువ్వు నాతో మాట్లాడకపోతే అర్థం చేసుకుంటాను. లోపలికి మాత్రం రాను. మందులకు వచ్చినవాళ్ళతో పాటు కౌంటరు ఇవతల నిలబడి ఉంటాను, నువ్వు పిలిచేదాకా.

తిరుమల